దుప్పటి కొండలు

సైకిలు మీద కొండలూ సరస్సూ చుట్టి వస్తానని ఏడాదిగా చెబుతూ కదలకపోవడంతో ఓ ప్రయోగశాల ఉద్యోగికి తోటివాళ్ళు ‘రేపటి సైకిలు’ అని పేరు పెట్టారు. ప్రతి శనివారం సాయంత్రం అతను మంచం మీద దిండ్లు పేర్చి, దుప్పటి కప్పి కొండలు కడతాడు. నీలం పళ్ళెం సరస్సు, చూపుడువేలు సైకిలు. మలుపు మలుపుకీ వేలు ఆగిపోతుంది. "ఇక్కడ ఫోన్ అందుతుందంటావా? పాపకి జ్వరమొస్తేనో?" అని భార్యను అడిగి, జవాబు వినకుండానే దారిని కాస్త ఇంటివైపు జరుపుతాడు. అలా జరిగి జరిగి, ఆ శనివారానికి దారి కొండల జోలికే పోకుండా మంచం అంచున తిరుగుతోంది. అంతలో మంచం మీద పాకుతున్న పాప దుప్పటి పట్టి లాగింది. కొండలు కూలాయి, సరస్సు బోర్లాపడింది. అతను మళ్ళీ దిండ్లు అందుకోబోయాడు.

"ఇంక కట్టకండి. రేపు అసలు కొండే ఎక్కి రండి. ఒక్కపూట పిల్లని నేను చూసుకోలేనా ఏంటి?" అంది భార్య. కాదంటే గొడవ, అవునంటే ప్రయాణం. మర్నాడు కొండ మీంచి రొప్పుతూ ఫోన్ చేశాడు. "పాప ఎలా ఉంది?" "మీ దిండు మీదెక్కి కూర్చుంది. సరస్సు ఎలా ఉంది?" దారి పొడుగునా ఫోన్‌లో సిగ్నల్ గీతలు చూసుకోవడమే సరిపోయింది అతనికి. అప్పుడు తల తిప్పి కింద సరస్సుని చూశాడు. "మన పళ్ళెం చాలదు."