పంటి నొప్పి, పరాయి ఊరు

పోయిన ఎండాకాలం, కువైట్‌లో నేను పనిచేసే ఇంటామె, మేం మామా అంటాం, పిల్లల్ని చూసుకోడానికి నన్నూ స్పెయిన్ తీసుకుపోయింది. అక్కడ పంటి నొప్పితో నా దవడ వాచింది. మందు అడిగితే, "కువైట్ పోయినాక చూద్దాం. బయటికి మాత్రం పోవద్దు" అనింది.

మధ్యాహ్నం అందరూ పండుకున్నాక రోడ్డెక్కినా. మామా పెద్దకూతురు ఫోన్లో వినే స్పానిష్ పాఠాల్లోంచి పట్టుకున్న ముక్కతో పండ్లంగడామెను, "దోందే ఎస్తా లా ఫార్మాసియా?" అన్నా, మందులషాపు ఎక్కడని. పక్కనోళ్లు నవ్వినారు. సిగ్గేసినా కదలకుండా, దవడ చూపించి మళ్లీ గట్టిగా అడిగినా. ఆమె నా చెయ్యి పట్టుకుని షాపు దాకా తీసుకుపోయింది.

తిరిగొచ్చేసరికి తలుపు దగ్గర మామా. "ఎవర్నడిగి పోయినావ్?"

పనిలోంచి తీసేస్తాదేమో అనుకున్నా. అయినా, "నొప్పి నాది మామా. నువ్వియ్యలేదు, నేనే పోయి తెచ్చుకున్నా" అన్నా.

ఆమె తలుపు దగ్గర్నుంచి పక్కకు జరిగింది. ఆపొద్దు నుంచి నా ఒంటి నొప్పికి ఎవరి పర్మిషనూ అడగలా.