మెహ్రాజ్ వెండి నీలగిరి

ఆర్మూర్ పసుపు మార్కెట్ వెనక సందులో మెహ్రాజ్ నర్సరీ ఉంది. ఆమె పెంచేది ఒక్కటే, గుండ్రటి వెండి ఆకుల నీలగిరి. నశ్యంలాంటి గింజలను తడిగుడ్డలో చుట్టి కొన్నాళ్లు ఫ్రిజ్‌లో పెడుతుంది. తర్వాత ఇసుకలో చల్లి, మొలకలు కుళ్లకుండా నీళ్లు చిలకరిస్తుంది. ఆకు మీది వెండి పొడి వేలు తగిలినా రాలిపోతుందని మొక్కను కుండీ పట్టుకునే ఎత్తుతుంది. నడుమెత్తు పెరిగాక పెళ్లిళ్లకు కిరాయికిస్తుంది. కుండీలు తిరిగొచ్చేసరికి చెత్తబుట్టల్లా ఉంటాయి. మట్టిలో నమిలిన ఎముకలు, చీమిడి కాగితాలు, ఆకుల నిండా గుట్కా ఉమ్ము. కడిగితే ఉమ్ముతోపాటు వెండీ పోతుంది. ముక్కుకు కొంగు కట్టుకుని అన్నీ ఏరి పారేస్తుంది.

మొన్న డిచ్‌పల్లి దగ్గర ఒక పెళ్లిలో పెళ్లికొడుకు మేనమామ ఆమె కళ్లముందే ఒక మొక్క మీద ఉమ్మి, పోయి బిర్యానీ ముందు కూర్చున్నాడు. మెహ్రాజ్ ఆ కుండీని తెచ్చి ఆయన ప్లేటు పక్కన పెట్టింది. ఆకు కొస నుంచి ఎర్రటి చొంగ బల్ల మీదికి సాగింది.

"ఛీ! తినే కాడ గిదేంది? తియ్యి ముందుగాల!" అని ఆయన ముక్కు మూసుకున్నాడు.

"మీ నోట్లకెల్లి ఒచ్చిందే గద సాబ్. జరసేపట్లనే గింత అసయ్యమా?" అంది మెహ్రాజ్.

పక్కవాళ్లు ప్లేట్లు వదిలేసి లేచారు. ఇక మీద రావద్దని మెహ్రాజ్‌తో అన్నాడు ఫంక్షన్ హాలు మేనేజర్. ఆమె కుండీలన్నీ ఆటోలోకి ఎక్కించుకుంది. అప్పటికే మేనమామ బయటికొచ్చి ఇంకో గుట్కా పొట్లం నోట్లో పోసుకున్నాడు. బుగ్గలు నిండాక ఉమ్మబోయి, ఆటోలోంచి మెహ్రాజ్ తననే చూస్తుండటం గమనించి, గుటుక్కున మింగాడు.