పాలు తాగినవాడు తీర్పు చెప్పరాదు

మా మామ నాంపల్లి గొల్లలకు కులపెద్ద. నేను ఆయన పెద్దకోడలిని. అంటే, పంచాయితీ జరిగినంతసేపూ తలుపు వెనక ఏదో పని ఉన్నట్టు నిలబడి, అందరూ వెళ్ళిపోయాక తీర్పు ఎలా ఉండాల్సిందో ఆయనకు చెప్పే మనిషినన్నమాట. నేను బడికి పోయింది మూడో తరగతి దాకే. అయినా ఆ గల్లీకి హైకోర్టు నేనే అనుకునేదాన్ని.

స్టేషను వెనక గల్లీలో మా దొడ్డి. అందులో ఆరు బర్రెలు. మా ఆయన పాలు పిండేవాడు, నేను ఆబిడ్స్ ఇళ్ళకు పోసి వచ్చేదాన్ని. ఆంధ్రా నుంచి ఆఫీసర్లు కొత్తగా వచ్చి కాపురాలు పెడుతున్న కాలం అది. వాళ్ళకు చిక్కటి పాలు కావాలి, మాకు పాలు పోసే ఇళ్ళు కావాలి.

మా పంచాయితీలో ఒక కట్టుబాటు ఉంది. తగవు తేలేదాకా పెద్దమనిషి ఇద్దరిలో ఎవరింట్లోనూ మంచినీళ్ళు కూడా ముట్టడు. ఒకసారి మామ ఎండలో నడిచి వెళ్ళి దగ్గుతూ కూర్చుంటే, తగవులో ఉన్న ఇంటావిడ చెంబుతో మజ్జిగ తెచ్చింది. "తీర్పైనంక తాగుత, తీస్కపో బిడ్డా" అన్నాడు. తీర్పు ఆమెకు ఎదురు తిరిగింది. మజ్జిగ మళ్ళీ రాలేదు. ఆ సంగతి నేను ఎంతమందికి గొప్పగా చెప్పుకున్నానో.

ఇంతలో పక్కింటి కాక, గుమాస్తాగా చేసి రిటైరైనవాడు, మా దొడ్డి వాసననీ దోమలనీ బల్దియాకు, అంటే మున్సిపాలిటీకి, అర్జీ పెట్టాడు. దొడ్డి ఎత్తేయాలేమో విచారిస్తాం, రమ్మని మాకు కాగితం వచ్చింది. బర్రెలు దూరం పోతే పాలు వేళకు ఆబిడ్స్ చేరవు. చేరకపోతే ఇళ్ళు పోతాయి, మా పొయ్యి ఆరిపోతుంది. మామకు చెవులు మందగించాయి. మా ఆయనకు బర్రెలతో తప్ప మనుషులతో మాట్లాడడం రాదు. "నీ నోరు గట్టిది, నువ్వు రా" అని మామ నన్ను వెంటబెట్టుకుపోయాడు.

తీరా చూస్తే బల్దియా ఆఫీసులో కుర్చీలో ఉన్నది నేను రోజూ పాలు పోసే ఇంటాయన. కాక అప్పటికే వచ్చి బెంచీ మీద కూర్చున్నాడు.

"ఏవమ్మా, మా ఇంటికి పాలు మీరేగా పోసేది?" అన్నాడు ఆఫీసరు.

"ఔ సారు."

ఆయన కాక వైపు తిరిగాడు. "చూడండి, వర్షాల్లో గేదెల్ని ఎక్కడికని తోలుకుపోతారు? దొడ్డి శుభ్రంగా పెట్టుకోమందాం. దసరా వెళ్ళాక చూద్దాం."

ఇంకెవరైనా అయితే అక్కడే దండం పెట్టి బయటపడేవాళ్ళు. తలుపు వెనక నేర్చుకున్న న్యాయమంతా అప్పుడే నాకు గొంతులోకి వచ్చింది.

"జర ఆగున్రి సారు. గీ తీర్పు మీరు చెప్పొద్దు."

"ఎందుకమ్మా?"

"మీరు మా పాలు తాగుతున్రు. తాగినోళ్ళు తీర్పు చెప్పొద్దు. మా కులంల గట్లనే ఉంటది."

కాక మొహం వెలిగిపోయింది. "ఔ సాబ్, గామె అన్నది నిజం. నేను గూడ గదే అనబోయిన."

"నువ్వు గూడ మా పాలే తాగుతవ్ గద కాకా."

"నేనేమన్న తీర్పు చెప్తున్ననా? తాగుకుంటనే అర్జీ పెట్టిన. గదీ ఇన్సాఫ్ అంటే."

ఆఫీసరు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "నలుగురిలో అంత మాట అన్నాక నేను చూడ్డం బాగోదమ్మా" అని, కాగితాల కట్ట ఇంకో ఆఫీసరు గదికి పంపించాడు. నేను ధర్మం నిలబెట్టినట్టు కొంగు సర్దుకుని బయటికి వచ్చాను. మెట్ల మీద మామ చెవి దగ్గర నోరు పెట్టి జరిగిందంతా చెప్పాను.

మొజంజాహీ మార్కెట్ దాకా నడిచాం. పళ్ళ దుకాణాల ముందు మామ ఆగి అడిగాడు.

"మన దిక్కు ఒక పెద్దమనిషి లేస్తే ఏం జేస్తం బిడ్డా?"

"రెండు దిక్కులోళ్ళం కూడి ఇంకొకర్ని కూసోబెడ్తం."

"గాడ ఎవలు కూసోబెట్టిన్రు?"

"గా సారే కూసోబెట్టిండు మామా."

"గా కొత్త సారు ఎవలింటి పాలు తాగుతడో ఎర్కనా?"

"తెల్వది మామా."

"మనయైతే గాదు" అన్నాడు మామ.

కొత్త సారు వచ్చాడు. ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని దొడ్డి గుమ్మం దాకా వచ్చి, అట్నుంచి అటే వెళ్ళిపోయాడు. వానలకు ముందే ఖాళీ చెయ్యాలని హుకుం వచ్చింది.

అప్పుడు మా పంచాయితీ కూర్చుంది. తన ఇంటి సంగతి కాబట్టి మామ పెద్దల గొంగడి మీద కూర్చోకుండా వచ్చి మా పక్కన కింద కూర్చున్నాడు. చాదర్‌ఘాట్ పెద్దమనిషి మూసీ ఒడ్డున తమ దొడ్డి పక్కన మాకు చోటిస్తామన్నాడు. తర్వాత నా వైపు చూశాడు.

"పిల్ల అన్న మాట తప్పా?"

"గాదు" అన్నారు అందరూ.

"మరి దొడ్డి ఉన్నదా?"

"పోయింది."

"అయితే దండుగ కట్టేది లేదు. ఇంక సర్కారు దగ్గరికి మాత్రం గీమె పోవద్దు. చిన్నకోడల్ని తోలున్రి."

"గామె నోరే తెరువది గద" అన్నారెవరో.

"గందుకే."

కొత్త చోట దొడ్డికి పర్మిషన్ కావాల్సి వచ్చినప్పుడు మామ వెంట మా తోడికోడలే వెళ్ళింది. మధ్యాహ్నం కాకముందే కాగితం పట్టుకుని వచ్చింది.

"ఏమడిగిండు?" అన్నాను.

"బర్రెలు గీడనే ఉంటయా అని అడిగిండు అక్కా."

"నువ్వేమన్నవ్?"

"ఔ అన్న."

"ఇంకా?"

"గంతే."

చాదర్‌ఘాట్ నుంచి ఆబిడ్స్ దాకా పాలు మోసే పని నాకే పడింది. కొన్ని ఇళ్ళు ఆలస్యాన్ని ఓర్చుకున్నాయి, కొన్ని సీసాపాలకు మారాయి. ఆ మొదటి ఆఫీసరు ఇల్లు ఓర్చుకున్న వాటిలో ఉంది. బతికిపోయాం.

తోడికోడలు కాగితం తెచ్చిన రోజు మాత్రం నేను కుడితి కలుపుతూ, ఆఫీసుకు నేనే పోయి ఉంటే ఏమేం మాట్లాడేదాన్నో మనసులో వరసగా పేర్చుకున్నాను. ఒకటీ అబద్ధం లేదు, అన్నీ మంచి మాటలే. మూసీ పొంగితే మొదట మునిగేది ఆ దొడ్డేనని కూడా సారుకు చెప్పి వచ్చేదాన్ని.