ఫొటో అంచుకు ఇవతల

వీధిలో అందరూ ఆమెను గునపం గారి ఆవిడ అనే పిలుస్తారు. మొగుడు పాత కట్టడాలు కూల్చే మేస్త్రీ. సన్నగా, నిటారుగా, ఎవరి ముందూ వంగని మనిషి కాబట్టి ఆయనకు ఆ పేరు పడింది. ఆయన పోయి ఇంకా ఏడాది తిరగలేదు. కుట్టుమిషను మీద ఇల్లు నెట్టుకొస్తోంది కానీ, పొద్దున్నే ఆయన క్యారేజీకి కూడా కలిపి బియ్యం కడిగేసే అలవాటు మాత్రం పోలేదు. తడిసిన బియ్యాన్ని మళ్లీ డబ్బాలో పోయలేక, గిన్నె పట్టుకుని అలా నిలబడిపోతుంది.

ఆ సాయంత్రం కూతురు బడి నుంచి వచ్చి, సంచి విసిరేసి గోడవైపు తిరిగి పడుకుంది.

"ఏమైందే? ఎవరితోనైనా పోట్లాడావా?"

"క్లాసులో నాన్న ఫొటో ఇచ్చారమ్మా."

ఏ ఫొటోనో ఆమె అడగలేదు. ఊళ్లో పాత గ్రంథాలయం కూల్చిన మర్నాడు పేపర్లో పడింది. సగం విరిగిన గోడ మీద గునపం పట్టుకుని ఆయన పళ్లన్నీ కనిపించేలా నవ్వుతుంటాడు. కింద 'చరిత్ర కూలుతుంటే నవ్వులాట' అని రాశారు. అది ఫోన్లలో ఊరంతా తిరిగింది. "పెళ్లి ఫొటోలో కూడా ఇంత బాగా పడలేదే నేను" అని ఆయన తీసిపారేశాడు. టీ కొట్టు దగ్గర ఎవరో మొహం మీద ఉమ్మినంత పని చేసిన పూట మాత్రం అన్నం ముట్టలేదు.

ఆ ఫొటోలో మనిషి ఎవరో బడిలో తెలుగు టీచరమ్మకు తెలియదు. ఊరి పాత కట్టడాల గురించి పిల్లలకు చెబుతూ, గుంపుకొక పేపరు ఫొటో పంచింది. ఫొటోలో ఏముంది, అంచుల బయట ఏముండి ఉంటుంది అని ఆలోచించి రాయాలి. ఆ పైన ఒక చిన్న కవిత కూడా కట్టాలి.

"మా నాన్నే అని చెప్పకపోయావా?"

"ఎలా చెప్పను? అందరూ తిడుతున్నారు. పైగా నా రైటింగ్ బాగుంటుందని చార్టు మీద నాతోనే రాయించారు."

"ఏం రాశావు?"

పిల్ల దిండులోకి చెప్పింది. "రాళ్లు ఏడ్చాయి, తలుపులు ఏడ్చాయి, కూల్చే మనిషి ఒక్కడే నవ్వాడు."

శనివారం బడిలో ఈ చార్టుల ప్రదర్శన. ఊరివాళ్లంతా చూడ్డానికి వస్తారు. ఆలోగా ఆ చార్టు గోడ దిగాలి. ఆమెకు ఇంకేమీ అక్కర్లేదు.

మర్నాడు బడికి వెళ్లింది. సంగతి విని టీచరమ్మ ఆమె చేతులు పట్టేసుకుంది. "అయ్యో, మీ ఆయనా! నాకు నిజంగా తెలీదమ్మా. ఆ నవ్వు సంగతేదో మీ నోటితోనే పిల్లలకు చెప్పండి."

ఆమె అంతమంది పిల్లల ముందుకు వెళ్లి నిలబడింది. బల్ల అంచు గట్టిగా పట్టుకుంది.

"ఆ రోజు క్యారేజీ పట్టుకెళ్లానమ్మా. ఆలస్యమైందన్న హడావిడిలో ఒక కాలికి నా చెప్పు, ఒక కాలికి ఆయన చెప్పు వేసుకుని పోయా. ఆయన గోడ మీంచి చూసి, 'ఏమేవ్, నా చెప్పుని కూడా కూలికి తెచ్చావా?' అని ఒకటే నవ్వు. అప్పుడే ఫొటో తీశారు. నేను ఇదిగో, ఇక్కడున్నా." ఫొటో అంచు దాటి, చార్టు కూడా దాటి, ఉత్త గోడ మీద వేలు పెట్టి చూపించింది.

పిల్లలు గొల్లుమన్నారు. వెనక బెంచీ నుంచి క్లాసు లీడరు పిల్ల లేచింది.

"టీచర్, ఒక్కరు చెప్తే నిజమని రాయకూడదన్నారు కదా? ఇంకొకరు కూడా చెప్పాలన్నారు."

పాపం, ఎకసెక్కానికి అడగలేదు. ఆ మాట టీచరమ్మ చేత్తో బోర్డు మీద రాసే ఉంది.

"అక్కడ ఇంకెవరైనా చూశారా అమ్మా?" అని అడిగింది టీచరమ్మ.

"చూశాడమ్మా. ఆయన చూశాడు."

టీచరమ్మ చెప్పుల సంగతంతా ఒక చిన్న కార్డు మీద రాసింది. నిజం, అబద్ధం, తెలియదు అని చార్టు కింద గళ్లున్నాయి. కాసేపు అటూ ఇటూ చూసి 'తెలియదు' గడిలో అంటించింది.

"అబద్ధం అనలేదు చూడండి," అంది బతిమాలుతున్నట్టు. "ఆ షరతు పెట్టింది నేనే. మీ కోసం నేనే తప్పితే రేపు వీళ్లు నా మాట వినరు. కవితంటారా, పిల్లలు సొంతంగా కట్టుకున్నది, నేనెలా చింపను?"

ఆమె తల ఊపింది. ఊపక ఏం చేస్తుంది?

శనివారం మంచం కింద నుంచి ఆయన చెప్పు ఒకటి బయటికి లాగింది. ఇంకొక సాక్ష్యం కావాలన్నారు కదా. ఒక కాలికి తనది, ఒక కాలికి ఆయనది తొడుక్కుని బడికి నడిచింది. ఎవరైనా అడిగితే చూపిద్దామని చార్టుకు ఇవతల గోడకానుకుని నిలబడింది. వచ్చినవాళ్లు కవిత చదివారు. "ఛీ, మనిషేనా వీడు!" అనుకుంటూ పక్క చార్టుకు పోయారు. కార్డు దాకా వంగినవాళ్లు లేరు. కాళ్ల దాకా చూపు దించినవాళ్లు అసలే లేరు.

చార్టు దగ్గర నిలబడ్డ కూతురు చూసింది.

"అమ్మా, నీ కాళ్లేంటే..." అంటూ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆగలేదు. తండ్రి పోయాక ఆ పిల్ల నవ్వడం అదే మొదలు. అచ్చం ఆయనలాగే పళ్లన్నీ బయటపడ్డాయి.

సరిగ్గా అప్పుడే ఒక పెద్దమనిషి చార్టుకు ఎదురుగా ఫోన్ ఎత్తాడు. "ఇది చదివి కూడా నవ్వొస్తోందా ఈ పిల్లకి!" అంటూ నొక్కాడు.

"అయ్యా, అది కాదండీ..." ఆమె ఒక్క అడుగు ముందుకేసింది. మొగుడి చెప్పు ఆమె కాలికి పెద్దది, జారిపోయింది. వంగి తొడుక్కుని తలెత్తేసరికి పెద్దమనిషి జనంలో కలిసిపోయాడు.