దుప్పులను పిలిచే దేవ్లా

దేవ్లాకు యాభై ఎనిమిదేళ్లు. జూలూరుపాడు దాటాక అడవి అంచున ఉన్న తండా ఆయనది. నలభై ఏళ్లు ఆవులు కాశాడు. అడవిలో మేపడానికి వీల్లేదన్నాక మందను అమ్మేశారు. ఎనిమిదేళ్లుగా రిజర్వాయరు ఒడ్డున, అడవి మధ్యలో ఉన్న ఒక లాడ్జిలో గైడు. ఖాకీ చొక్కా ఇచ్చారు. జేబు మీద ఇంగ్లీషులో పేరు కుట్టి ఉంటుంది. ఆయనకు చదువు రాదు. తన పేరే అయి ఉంటుందని అనుకుంటాడు.

వచ్చినవాళ్లకు మొసళ్లను, నీటికాకులను, దుప్పులను చూపించడం పని. మొసలి ఎండను బట్టి కనిపిస్తుంది. నీటికాకి ఎప్పుడూ ఉంటుంది. దుప్పులు మాత్రం దేవ్లా పిలిస్తే వస్తాయి.

ఆ కూత తండ్రిది. నాలుక మడిచి, గొంతు అడుగు నుంచి తీసి, చివర తెంపేయాలి. సాయంత్రం బండ మీద దొడ్డుప్పు పోసి తండ్రి అలా కూస్తే ఆవులు ఎక్కడున్నా వచ్చేవి. లాడ్జిలో చేరిన మొదటి ఎండాకాలం, మంద గుర్తొచ్చి, దేవ్లా కూడా ఒక బండ మీద ఉప్పు పోసి కూశాడు. వారం తర్వాత ఒక దుప్పి వచ్చింది. ఏడాదికి పద్నాలుగయ్యాయి. అడవి జంతువులకు అలా ఉప్పు పెట్టకూడదని మేనేజరుకు తెలుసు. గెస్టులకు నచ్చింది కాబట్టి ఊరుకున్నాడు.

లాడ్జిలో వంట ఫజిలత్‌ది. కొత్తగూడెం మనిషి. దేవ్లాను ఆటపట్టించకుండా అన్నం పెట్టదు.

"ఇంట్ల వదినె పిలిస్తే నువ్వు పలుకవు. నువ్వు పిలిస్తే అడివంత ఉరికొస్తది. ఏందన్నా గా మంత్రం?"

"నేను ఉప్పు పెడ్త చెల్లె. మీ వదినె కారం పెడ్తది."

ఫిబ్రవరిలో బలరాం అనే గెస్టు వచ్చాడు. ఖమ్మంలో వ్యాపారం అన్నాడు. ఏం వ్యాపారమో చెప్పలేదు. ఒక్కడే వచ్చాడు. కెమెరా లేదు. పడవలో తీసుకెళ్లి మొసలిని చూపిస్తే ఒకసారి చూసి తల తిప్పుకున్నాడు. ఏ పిట్ట పేరూ అడగలేదు. అవతలి ఒడ్డు మీది బండిబాట ఎటు పోతుందని అడిగాడు.

"అడివిలకే సార్."

"జీపు పోతదా?"

"ఎందుకు సార్?"

"ఊకెనే అడిగిన."

సాయంత్రం ఇద్దరూ బండకు ఎదురుగా తడిక చాటున కూర్చున్నారు. దేవ్లా కూశాడు. చెవి చిరిగిన ఆడ దుప్పి ఎప్పటిలాగే ముందు వచ్చింది. వెనక మిగతావి. బలరాం వాటిని చూడలేదు. ఫోనును దేవ్లా నోటి దగ్గర పెట్టి రికార్డు చేస్తున్నాడు.

"ఇంకోసారి పిలువు."

"వచ్చినయి గద సార్. ఇంకెందుకు?"

"మా పాపకు వినిపిస్త."

"పాపకు ఎన్నేండ్లు?"

"ఏడు. ఏడో ఎనిమిదో."

దేవ్లా మళ్లీ కూయలేదు. వంటింటికి వచ్చి గడపలో కూర్చున్నాడు.

"నా గొంతు ఫోన్ల పట్టుకున్నడు చెల్లె."

"పట్టుకోనీ. రేపటికెల్లి పెద్ద సింగరువైతవ్."

"నవ్వకు. ఉప్పు ఏ దుకాణంల చూసినా దొరుకుతది. ఇగ గొంతు గూడ దొరికింది. ఎవడు మోగించినా అవి వస్తయి. వచ్చినంక చేతుల ఏమున్నదో అవి చూస్తయా?"

ఫజిలత్ గరిటె కింద పెట్టింది. "అడుగు మరి. తీసెయ్యమను."

పొద్దున్నే అడిగాడు. బలరాం నవ్వాడు. ఫోను తెరిచి వేలితో ఏదో నొక్కి ముందుకు చాపాడు.

"డిలీట్ కొట్టిన. చూస్కో."

తెర మీద అక్షరాలున్నాయి. దేవ్లా వాటినే చూస్తూ నిలబడ్డాడు.

"పోయిందా సార్?"

"కనబడ్తలేదా?"

పది గంటలకు కారు బయల్దేరింది. గేటు దగ్గర ఖమ్మం రోడ్డు వైపు కాక, ఎడమకు తిరిగింది. అటు నుంచి కూడా ఖమ్మం పోవచ్చు. చుట్టూ తిరిగి పోవాలి.

రెండు రోజులు దేవ్లా పిలవలేదు. తను పిలవకపోతే ఏమవుతుంది? ఇంకెవరో పిలుస్తారు.

మూడో రోజు సాయంత్రం ఖాళీ నూనె డబ్బా, కర్ర తీసుకుని వెళ్లాడు. బండ మీద ఉప్పు పోయలేదు. కూశాడు. దుప్పులు వచ్చి ఒట్టి బండను వాసన చూశాయి. డబ్బా మీద కొట్టాడు. అవి ఎగిరి చెట్ల దాకా పోయి ఆగాయి. వెనక్కి తిరిగి చూశాయి. ఆయనేనని తెలిసి మళ్లీ నాలుగడుగులు ముందుకొచ్చాయి.

అప్పుడు రాళ్లు ఏరుకున్నాడు.

రోజూ వెళ్లాడు. కూయడం, కొట్టడం. పద్నాలుగు తొమ్మిదయ్యాయి. తొమ్మిది మూడయ్యాయి. గెస్టులకు దుప్పులు కనిపించడం లేదు. మేనేజరు పిలిపించాడు.

"ఏమైనయి దేవ్లా?"

"నేనే ఎళ్లగొడ్తున్న సార్. ఆ ఖమ్మం సారు నా కూత ఫోన్ల పట్టుకపోయిండు, ఇగ దానికి అవి రావొద్దు."

"పిచ్చి లేసిందా? ఎవడో ఫోన్ల పట్టుకున్నడని గింత చేస్తవా? ఆయన దొంగని నీకు ఎవలు చెప్పిండ్రు?"

"ఎవలు చెప్పలే. కాదని గూడ ఎవలు చెప్పలే."

"గిట్లయితే రేపటి సంది పడవలు కడుగు. గైడు పనికి ఇంకొకన్ని చూస్కుంట."

"కడుగుత సార్."

పదకొండో రోజు చెవి చిరిగినది ఒక్కటే వచ్చింది. డబ్బాకు బెదరలేదు. పక్కన పడిన రాయికీ బెదరలేదు. దేవ్లా దగ్గరికి పోయి డొక్క మీద కొట్టాడు. అది పడి, లేచి, కుంటుతూ పోయింది. ఆయన బండ మీద కాసేపు కూర్చున్నాడు.

మర్నాడు పడవలు కడిగాక వచ్చి కూశాడు. ఏదీ రాలేదు. లోపల ఎక్కడో ఒక దుప్పి అరిచింది. చిరుత కనబడితే మందకు చెప్పే అరుపు అది. దేవ్లా ఇంకోసారి కూశాడు. ఈసారి రెండు వైపుల నుంచి అరిచాయి. గుంపు దూరంగా పరుగెత్తుతున్న చప్పుడు వినిపించింది. అది పూర్తిగా ఆగేదాకా నిలబడి విన్నాడు.