నోరు మూసుకుని మాట్లాడే మనిషి

మా పిన్ని దర్జీ. ‘ఆడవారి దుస్తులు మాత్రమే’ అని కొట్టుకు బోర్డు ఉంటుంది గానీ, వీధిలో సగం మంది మగవాళ్ల ప్యాంట్లు ఆవిడ చేతిలోనే వదులవుతుంటాయి, బిగుతవుతుంటాయి. బోర్డు మార్పించమని ఎవరైనా అంటే, “ఆ మాత్రం అడ్డు ఉండాలి, లేకపోతే అందరూ ఎగబడతారు” అంటుంది. కింద కొట్టు, పైన ఇల్లు, నేను పెరిగింది అక్కడే. కొట్టులో ఒక కుట్టుమిషను, ఇస్త్రీ బల్ల, నిలువుటద్దం, దాని ముందు కొలతలిచ్చేవాళ్లు ఎక్కి నిలబడే ఎత్తు పీట. ఆ పీట ఎక్కాక ఎంతటివాడైనా మా పిన్ని తిరగమన్నప్పుడు తిరగాలి, ఊపిరి బిగబట్టమన్నప్పుడు బిగబట్టాలి.

ఇదంతా వీధికి తెలుసు. వీధికి తెలియంది ఇంకొకటి ఉంది. ‘పై వాటా కింద వాటా’ అనే బొమ్మల కామెడీ సీరియల్లో బుంగమూతి గొంతు మా పిన్నిదే.

చూడనివాళ్లు ఉంటారు కనుక చెబుతున్నాను. పై వాటాలో ఇంటావిడ, పేరు బుంగమూతి. కింద వాటాలో అద్దెకుండే కప్ప. ఇద్దరూ చేతికి తొడుక్కుని ఆడించే గుడ్డబొమ్మలు. వారం వారం ఏదో ఒక గొడవ. కప్ప గట్టిగా ఎదురు చెప్పడం మొదలుపెట్టగానే బుంగమూతి మెట్ల మీంచి వంగి, “నోరు మూసుకుని మాట్లాడు!” అంటుంది. నోరు మూసుకుని ఎలా మాట్లాడతారని కప్ప నోరు వెళ్లబెడుతుంది. అంతే, జనం విరగబడి నవ్వేవారు. నా చిన్నప్పుడు ఆ మాట అనని ఇల్లు లేదు. మా టీచరమ్మ కూడా ఓసారి నోరు జారి క్లాసులో అనేసి, రోజంతా మా మొహాలు చూడలేకపోయింది.

నిజానికి పిన్ని అక్కడికి బొమ్మలకు బట్టలు కుట్టడానికి వెళ్లింది. బుంగమూతి పూల గౌను ఊరికే జారిపోతుండేది. దాన్ని ఎప్పటికప్పుడు బిగించడానికి గుండుసూదులు పెదాల మధ్య పట్టుకుని తయారుగా ఉండేది. కప్పను ఆడించే ఆయన సాయం చేస్తానని తనూ నాలుగు సూదులు నోట్లో పెట్టుకుని, ఆ తర్వాత ఏదో చెప్పబోయి నోరు తెరిచాడు. పిన్నికి పై ప్రాణాలు పైనే పోయాయి. “నోరు మూసుకుని మాట్లాడు!” అని అరిచింది. అది కుట్టుపనిలో మొదటి పాఠం. పిన్నికి పని నేర్పిన పెద్దావిడ రోజూ అనే మాటే. నోట్లో సూదులున్నప్పుడు పెదాలు విప్పకుండా, పళ్ల సందునుంచే మాట్లాడాలి. లేకపోతే సూది గొంతులోకి పోతుంది. మైకులో పడ్డ ఆ అరుపు విని దర్శకుడు కుర్చీలోంచి లేచాడు. ఆ రోజునుంచి బుంగమూతి మా పిన్ని చేతికీ, గొంతుకూ వచ్చేసింది.

చివర్లో పేర్లు వేసేటప్పుడు మాత్రం ‘దుస్తులు’ అన్నచోటే ఆవిడ పేరు ఉండేది. సరి చేయించుకోమంటే, “ఎందుకులే, గుట్టుగా ఉంటేనే సరదా” అనేది. పీట ఎక్కినవాళ్లు బుంగమూతిని అనుకరిస్తుంటే ఏమీ ఎరగనట్టు కొలతలు తీసుకోవడం ఆవిడకు మహా సరదా.

సీరియల్ ఆగిపోయింది. బుంగమూతి బొమ్మ పిన్నితో పాటే ఇంటికి వచ్చేసింది. ఆ తర్వాత కొన్నాళ్లకు తుమ్మొచ్చి ఒక సూది మింగినంత పని చేసింది. సిటీ బస్సు నడిపే మా బాబాయి ఎంత ట్రాఫిక్‌లోనూ బెదరడు గానీ, ఆ రోజు గడగడలాడిపోయాడు. మణికట్టుకు కట్టుకునే అయస్కాంతం పట్టీ ఒకటి కొనుక్కొచ్చి, “ఇక సూదులన్నీ దీనిమీదే. నోట్లో పెట్టావంటే నా మీద ఒట్టే” అన్నాడు. పిన్ని మాట తప్పలేదు.

ఇన్నేళ్లకు ఒక కొత్త ఛానెల్‌వాళ్లు ‘పై వాటా కింద వాటా’ను మళ్లీ మొదలుపెట్టారు. కొత్త దర్శకుడు చిన్నప్పుడు ఆ సీరియల్ చూసి పెరిగినవాడు. ఎలాగో ఆరా తీసి కొట్టుకు వచ్చి, “అమ్మా, మీరే కావాలి” అని పీట మీదే కూలబడ్డాడు. పిన్ని మొహం చూడాలి! వారం రోజులు కుట్టిందే కుట్టి, విప్పిందే విప్పింది. కొత్త గౌనుకు అతుక్కునే పట్టీలు వేసింది, సూదుల అవసరమే లేకుండా.

మొదటి ఎపిసోడ్ శనివారం సాయంత్రం వచ్చింది. పిన్ని టీవీ ముందుకు రాలేదు. వంటింట్లో తోమిన గిన్నెలనే మళ్లీ తోముతూ విన్నది. అయిపోగానే బాబాయి “బ్రహ్మాండం” అన్నాడు. బాబాయికి అన్నీ బ్రహ్మాండమే, మాడిన కూరతో సహా. అందుకని ఆ మాటకు మా ఇంట్లో పెద్ద విలువ లేదు.

నేను ఫోను తీసి కామెంట్లు చదవడం మొదలుపెట్టాను.

“కప్ప అచ్చం అలాగే ఉంది! కళ్లలో నీళ్లు తిరిగాయి” అని ఒకరు. “బుంగమూతి చేతికి ఆ గాజు ఎక్కడ కొన్నారో చెప్పగలరా?” అని ఇంకొకరు. అది గాజు కాదు, పిన్ని అయస్కాంతం పట్టీ. ముచ్చటపడి బొమ్మ చేతికి పెట్టి, అక్కడే మరిచిపోయి వచ్చింది. ఇంతవరకు నవ్వుకున్నాం. ఆ తర్వాత మొదలైంది.

“బుంగమూతి గొంతు ఎందుకు మార్చారు?”

“ఎవరో కొత్తావిడ. పాపం ప్రయత్నించింది గానీ అబ్బలేదు.”

“పాతావిడ కాళ్లు పట్టుకునైనా తీసుకురండి.”

“పాతావిడ పోయారని విన్నాను. ఆవిడ ఆత్మకు శాంతి కలగాలి.” దాని కింద దండాలే దండాలు.

“నా ఆత్మకేం, నిక్షేపంలా ఉంది. శాంతే లేదు” అంది పిన్ని చెయ్యి తుడుచుకుంటూ.

నాకు ఒళ్లు మండింది. ‘ఆవిడే ఈవిడ, చెవులు కడుక్కుని వినండి’ అని రాశాను. ‘మీరు కొత్తావిడ తాలూకా?’ అని వెంటనే ఒకడు. వాడితో ఒక గంట, వాడికి వంతపాడేవాళ్లతో ఒక గంట తగువుపడ్డాను. చివరికి పిన్నే ఫోను లాక్కుంది.

“వాళ్లన్నదాంట్లో తప్పేముందే? నాకూ వినబడింది. అది దాని గొంతు కాదు. ఎక్కడ పోయిందో తెలియట్లేదు, అంతే” అంది. అంత నెమ్మదిగా పిన్ని మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు.

మర్నాడు పొద్దున్నే దర్శకుడి ఫోను. చాలాసేపు నీళ్లు నమిలాడు. “అమ్మా, మంగళవారం రికార్డింగు. ఈసారి కూడా గొంతు ఇలాగే ఉంటే... బొమ్మను మీరే ఆడించండి. గొంతు మాత్రం ఒక అమ్మాయి చేత చెప్పిద్దాం.” పిన్ని “అలాగే బాబూ” అని పెట్టేసింది. “నా చెయ్యి ఆడుతుంటే ఇంకెవరో మాట్లాడతారటే! అంతకంటే మానేస్తాను” అని నాతో అంది. బుంగమూతిని వదులుకోవడమంటే ఆవిడకు ఏమిటో నాకు తెలుసు. సొంత పిల్లలు లేని ఇంట్లో ఇన్నేళ్లూ ఆ పాత బొమ్మకు ఏటా ఒక కొత్త గౌను కుట్టిన మనిషి.

సరిగ్గా అప్పుడే ప్యాంటు పొడవు తగ్గించుకోవడానికి వచ్చాడు మందుల షాపాయన. ఈమధ్యే మా వీధికి వచ్చాడు. మనిషి మంచివాడే గానీ నోటికి తాళం ఉండదు. పీట ఎక్కుతూనే అందుకున్నాడు.

“నిన్న చూశారాండీ? దుస్తుల దగ్గర మీ పేరు చదివి ఎంత పొంగిపోయానో! గౌను అదిరిపోయింది. కానీ ఆ గొంతేంటండీ? పాతావిడ ఎక్కడ, ఈవిడెక్కడ! పాతావిడ ఎలా అనేదో తెలుసా...” అని గొంతు నొక్కిపట్టి, చేతులు తిప్పుతూ, పీట మీద ఇటూ అటూ ఊగుతూ అనుకరణ మొదలుపెట్టాడు. పిన్ని కింద మోకాళ్ల మీద కూర్చుని అంచు మడుస్తోంది. పట్టీ స్టూడియోలో ఉంది. అలవాటు కొద్దీ మణికట్టు తడుముకుంది, ఖాళీ. పరధ్యానంగా డబ్బాలోంచి సూదులు తీసి పెదాల మధ్య పెట్టుకుంది. ఆయన ఊగుతున్నాడు, అంచు జారుతోంది, సూది వేలికి గుచ్చుకుంది.

“కదలకండి! నోరు మూసుకుని మాట్లాడండి!”

మందుల షాపాయన పీట మీద కొయ్యబారిపోయాడు. ఒక కాలు మడిచిన ప్యాంటు, ఒక కాలు మడవని ప్యాంటు.

ఆ గొంతు! ముక్కులోంచీ పళ్ల సందులోంచీ గుంయ్‌మంటూ వచ్చిన బుంగమూతి గొంతు.

“పిన్నీ, సూదులు!” అన్నాను.

“అయ్యో, ఒట్టు!” అని పిన్ని సూదులు గబగబా చేతిలోకి ఉమ్మింది. ఆవిడకు ఒట్టే గుర్తొచ్చింది గానీ, గొంతు దొరికిందని తట్టలేదు. నేను చెప్పాక అక్కడే నేలమీద కూర్చుని నవ్వడం మొదలుపెట్టింది. మందుల షాపాయన నెమ్మదిగా పీట దిగి, “మీరేనా అండీ... మీరు పోయారని దండం కూడా పెట్టానండీ” అన్నాడు. ఎవరికీ చెప్పనని ఆయనా ఒట్టేసి, ఆ సగం మడిచిన ప్యాంటుతోనే షాపుకు వెళ్లిపోయాడు.

ఇక చిక్కంతా బాబాయితో. సూదుల బదులు ఇంకేదైనా చూద్దామన్నాడు. అగ్గిపుల్లలు పెట్టి చూశాం, నానిపోయాయి. గుండీలు పళ్లకు తగిలి టకటకమన్నాయి. లవంగాలతో గొంతు బాగానే వచ్చింది గానీ, నాలుక మొద్దుబారి ‘నోరు’ కాస్తా ‘నోలు’ అయింది. సోమవారం భోజనాల దాకా ఇదే తంతు. ఒట్టు తీసెయ్యమని మాత్రం పిన్ని అడగలేదు. సూదుల డబ్బా మూత పెట్టి, మిషను సొరుగులో పడేసి, దిండు గలీబులు కుట్టుకుంటూ కూర్చుంది.

బాబాయి కాసేపు అటూ ఇటూ తిరిగాడు. సొరుగు లాగి డబ్బా తీసి ఆవిడ ముందు పెట్టాడు.

“ఒట్టు తీసి గట్టు మీద పెట్టానోయ్. కానీ పక్కన నేనుంటాను.”

“ఉండి ఏం చేస్తారు? మింగితే అయస్కాంతం పెట్టి లాగుతారా?”

“లాగుతాను” అన్నాడు బాబాయి. నవ్వలేదు.

మంగళవారం సెలవు పెట్టి వెళ్లాడు. బొమ్మలు ఆడించే గోడ వెనక బయటివాళ్లు ఉండకూడదంటే, బుంగమూతి చేతి గాజు ఊడదీసి తన చేతిలో పట్టుకుని, కదలనంటే కదలనని పిన్ని కాళ్ల దగ్గర చతికిలబడ్డాడట. పిన్ని ముక్కు చిట్లించినప్పుడల్లా తుమ్మేమోనని లేచి నిలబడేవాడట. మొదటి మాటకే దర్శకుడు చప్పట్లు కొట్టి, “ఇదేనమ్మా! పోయినసారి ఏమైంది?” అని అడిగితే, పిన్ని నోరు మూసుకుని “ఊఁ” అందట.

రెండో ఎపిసోడ్‌కు పిన్ని టీవీ ముందే కూర్చుంది. కామెంట్లు నేను పైకి చదివాను.

“హమ్మయ్య, పాతావిడ వచ్చేసింది!”

“ఆవిడ బతికే ఉన్నందుకు సంతోషం.”

“ఆ కొత్తావిడను పీకేసి మంచి పని చేశారు. వినలేకపోయాం.”

“ఇక ఆవిడ మళ్లీ రాకుండా చూడండి.”

నేను పగలబడి నవ్వుతున్నాను. తలెత్తి చూస్తే పిన్ని నవ్వడం లేదు. గెలిచిన మనిషి మొహం కాదు అది.

“ఆవిడా బాగానే చేసిందే, పాపం” అంది.

నా నవ్వు ఆగిపోయింది. నోట్లో ఏమీ లేకుండా మాట్లాడినది మా పిన్నే కదా. నాకు జ్వరమొస్తే పక్కన కూర్చుని కబుర్లు చెప్పిన గొంతు, పై మెట్టు మీంచి ‘అన్నానికి రండర్రా’ అని పిలిచే గొంతు అదే. లోకమంతా కలిసి పీకెయ్యమన్నదీ దాన్నే. నాకు ఏడుపొచ్చింది.

“ఆ ఫోను ఇలా ఇవ్వు” అన్నాడు బాబాయి. కళ్లజోడు పెట్టుకుని, ఒక్క వేలితో, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ చాలాసేపు కొట్టాడు. పంపించాక నేను తీసుకుని చదివాను.

“పోయిన వారం ఆవిడ భ్రమ్మాండం. నేను రోజూ వింటాను. ఇంకా వినాలని ఉంది.”

నేను చదువుతుండగానే కింద ఎవరో జవాబు పెట్టేశారు: “పెద్దాయనా, నోరు మూసుకుని మాట్లాడండి!”

అప్పుడు నవ్వింది పిన్ని. నవ్వుతూనే కొంగుతో కళ్లు ఒత్తుకుంది. ‘బ్రహ్మాండం’ తప్పు పడిందని దిద్దబోతే నా చెయ్యి పట్టుకుంది.

“ఉండనీవే, అలాగే ఉండనీ” అంది.