గోనె గుడారంలో అల్లుడు

మొన్న ఆదివారం నేను తీయబోయిన ఫోటో సంగతి అడక్కండి. సరే, అడిగారు కాబట్టి చెప్తా. నవ్వారంటే మాత్రం ఇక్కడే ఆపేస్తా!

హనుమాన్ జంక్షన్ దగ్గర మా అత్తారింటి పెరట్లో, నిమ్మచెట్టు మీద పిగిలిపిట్ట గూడు పెట్టింది. గూట్లో అప్పుడే కళ్ళు తెరిచిన కూనలు. తల్లి వాటి నోట్లో పురుగు పెడుతుండగా ఫోటో తీయాలని నా కోరిక. బెజవాడలో పెళ్ళి ఫోటోలు తీసి తీసి విసుగెత్తిపోయానండీ. జన్మకి ఒక్క మంచి ఫోటో అయినా తీయొద్దూ?

చర్చి నుంచి రాగానే గూడు పక్కన గోనెపట్టాలతో చిన్న గుడారం కట్టా. మా బావమరిది ప్రకాశం, నేను కలిసి లోపలికెళ్ళాం. కాసేపటికి వాడొక్కడే బయటికెళ్ళిపోయాడు. పిట్టకి లెక్కలు రావు కదా, ఒకడు వెళ్తే ఇద్దరూ వెళ్ళిపోయారనుకుంటుంది. అదీ ప్లాను!

పిట్ట నమ్మింది. పురుగు పట్టుకుని కొమ్మ మీద వాలింది. ఊపిరి బిగబట్టా...

"బావగారూ! కాఫీ!"

పిట్ట తుర్రుమంది.

"ఎవరూ రావొద్దన్నానుగా ప్రకాశం!" అన్నా గొంతు తగ్గించి.

"అమ్మమ్మ పంపిందండీ. ఇంటి అల్లుడు గోనెపట్టాల్లో కూర్చుంటే కాఫీ నీళ్ళైనా ఇవ్వలేదని ఊళ్ళో అనుకోరూ?"

పిట్ట మళ్ళీ వచ్చింది. ఈసారి పెసరట్టు! ఆ తర్వాత మజ్జిగ. ఇక పిట్ట ప్రహరీ దాటి రాలేదు.

ఎండ ముదిరింది. గూట్లోకి తొంగిచూశా. కూనలు నోళ్ళు తెరిచి, మెడలు నిలపలేక వాల్చేస్తున్నాయి. గుండె కలుక్కుమందండీ. నా పొట్ట నిండా పెసరట్టు. నా మూలాన ఆ పసికూనలకి ఒక్క పురుగు లేదు. ఇంకెక్కడి ఫోటో! గోనెలన్నీ పీకేసి, కెమెరా ప్రకాశం చేతిలో పెట్టి, దూరంగా వచ్చి అరుగు మీద కూలబడ్డా. తల్లి గూటికి చేరి మేత పెట్టేదాకా నాకు ప్రాణం కుదుటపడలేదు.

"ఏం బాబూ, మొహం అలా వాడిపోయింది? ఏదీ, నోరు తెరువు!" అంటూ మా ఆవిడ అమ్మమ్మగారు గారె ముక్క తుంచి నోట్లో పెట్టారు.

క్లిక్! ప్రకాశం!

నిన్న రీలు కడిగితే ఆ ఒక్కటే బ్రహ్మాండంగా పడింది. మేత ఉంది, పెట్టే తల్లి ప్రేమ ఉంది, తెరిచిన నోరూ ఉంది. కూనకే మీసాలొచ్చాయి.